ప్రతి గుండుకీ ఒకే గొట్టం: మజిల్‌లోడర్ రైఫిల్‌లో మసి, గురి

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఈ బల్ల మీద కాల్చిన ప్యాచ్‌లు (గుండుకి చుట్టే గుడ్డముక్కలు) కొన్ని, రెండు జాగ్‌లు (గొట్టం తుడిచే గుడ్డని పట్టి ఉంచడానికి కడ్డీ చివర బిగించేవి) పెట్టాను. మధ్యలో వాటిని మీ చేతికిస్తాను. చూసి పక్కవాళ్ళకి అందించండి.

మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకీ, కాల్చేవాళ్ళందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాను. మొదటి మూడు నాలుగు గుండ్లు ఒకచోట పడతాయి. ఐదోది కాస్త పైకి పోతుంది. ఏడోది దట్టించేటప్పుడు రామ్‌రాడ్ (గుండుని లోపలికి తోసే కడ్డీ) మీద ఒంటి బరువు వేయాల్సి వస్తుంది. తొమ్మిదోది సగం దారిలో బిగుసుకుంటుంది. అప్పుడు మనం ఏమంటాం? "మసి పట్టేసింది, గురి పోయింది" అంటాం. మసి మీదే నేరం మోపేస్తాం.

నిజంగా నేరం మసిదేనా? మసి ఉన్నందుకు గురి చెడదండీ. ఆ మసి ఒక్కో గుండుకీ ఒక్కోలా ఉన్నందుకు చెడుతుంది. మళ్ళీ చెబుతున్నాను, ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గొట్టం అద్దంలా ఉండనక్కర్లేదు. మూడో గుండుకి ఎలా ఉందో పదమూడో గుండుకీ అలాగే ఉండాలి. మనం తుడిచే తుడుపు, పూసే కందెన, దట్టించే తీరు, అన్నీ దానికోసమే.

అసలీ మసి ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్లాక్ పౌడర్‌లో ఉండేవి మూడే సరుకులు: సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. ఇప్పటి స్మోక్‌లెస్ పౌడర్ కాలితే దాదాపు మొత్తం వాయువైపోతుంది. బ్లాక్ పౌడర్ అలా కాదు. 1870లలో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు ఈ మందుని మూసిన ఉక్కు పాత్రల్లో కాల్చి, ఏం మిగిలిందో కొలిచారు. బరువులో సుమారు 43 శాతం వాయువు, 57 శాతం ఘనపదార్థం. సగానికి మించి! అంటే మీరు 70 గ్రెయిన్ల మందు పోస్తే, అందులో 40 గ్రెయిన్ల దాకా వాయువు కాకుండా మిగిలిపోతుంది. చాలా భాగం పొగలో కలిసి బయటికి పోతుంది. మనం చూసే ఆ తెల్లటి పొగ అదే. పోనిది గొట్టం గోడకి అంటుకుంటుంది.

అలా అంటుకున్న దాంట్లో ముఖ్యంగా పొటాషియం కార్బనేట్, పొటాషియం సల్ఫేట్, పొటాషియం సల్ఫైడ్, కాలని బొగ్గు ఉంటాయి. బొగ్గు తీసేస్తే మిగతావి లవణాలు. లవణాలు కాబట్టి నీళ్ళలో కరుగుతాయి. చెమ్మ ఉన్న రోజుల్లో మూత తీసిన డబ్బాలో ఉప్పు చెమర్చినట్టు, గాలిలోంచి తేమ కూడా లాక్కుంటాయి. మన పని సులువు చేసేదీ ఈ గుణమే, కష్టం చేసేదీ ఈ గుణమే.

ఎలాగంటారా? గాలిలో తేమ బాగా ఉన్న రోజు మసి మెత్తగా, జారుడుగా ఉంటుంది. వచ్చే గుండు గుడ్డే దాన్ని సగం తుడుచుకుంటూ దిగుతుంది. పొడిగాలి వీచే రోజు, ఎండకి గొట్టం వేడెక్కిన రోజు, అదే మసి గట్టిపడి పెళుసు పూత కడుతుంది. రామ్‌రాడ్ దిగుతుంటే గరగరమని చప్పుడొస్తుంది. అదే తుపాకీ, అదే మందు, అదే గుండు. నిన్న పది గుండ్లు తుడవకుండా కాల్చగలిగారు, ఇవాళ నాలుగుకే బిగుసుకుంది. తుపాకీ చెడిపోయిందేమోనని కంగారుపడతారు. తుపాకీకి ఏమీ కాలేదు, గాలి మారింది. అందుకే మీ నోట్‌బుక్కులో మందు కొలతతో పాటు ఆ రోజు ఎండ, తేమ ఎలా ఉన్నాయో కూడా రాసుకోమని అంటాను.

ఇంకొకటి. ఒకే రోజు లోపల కూడా ఇది మారుతుంది. టార్గెట్ మార్చడానికి వెళ్ళి, నలుగురితో మాట్లాడి, ఇరవై నిమిషాల తర్వాత తిరిగొస్తారు. ఆ వ్యవధిలో వేడి గొట్టంలో మసి ఎండి గట్టిపడిపోతుంది. విరామం తర్వాత మొదటి గుండు ఎందుకు తప్పిందని అడుగుతుంటారు. అదొక కారణం.

సైన్యాల చరిత్ర చూస్తే ఈ మసి ఎంత పెద్ద సమస్యో అర్థమవుతుంది. గాళ్ళు (గొట్టం లోపల మెలికగా కోసే చాళ్ళు) లేని పాత మస్కెట్లలో గొట్టం 0.75 అంగుళం ఉంటే గుండు 0.69 అంగుళం దాకా ఉండేది. అంత ఖాళీ ఎందుకు? మసి పట్టినా గుండు జారిపోవాలని. జారిపోయేది, కాని గురి ఉండేది కాదు. గాళ్ళున్న రైఫిల్‌కి గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే గురి కుదిరేది, నాలుగు గుండ్లయ్యాక దట్టించడం నరకమయ్యేది. 1800లో వచ్చిన బేకర్ రైఫిల్‌కి మొదట్లో గుండుని గొట్టంలోకి కొట్టడానికి చిన్న కొయ్య సుత్తులు కూడా ఇచ్చారు. యుద్ధంలో సుత్తి పట్టుకుని తుపాకీ దట్టించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1840ల చివర్లో ఫ్రెంచి అధికారి మినీయే దీనికి మంచి ఉపాయం తెచ్చాడు. అడుగున బోలుగా ఉండే సీసపు బుల్లెట్టు. గొట్టం కంటే కాస్త సన్నం, కాబట్టి మసిలోంచి కూడా సులువుగా దిగుతుంది. మందు పేలగానే ఆ బోలు అంచు విచ్చుకుని గాళ్ళని పట్టుకుంటుంది. ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా రైఫిల్ ఈ తరహాదే. 1857 గురించి మనకి తెలిసిన కొవ్వు తూటాల కథ ఈ ఎన్‌ఫీల్డ్‌దే. ఆ కొవ్వు తూటాకి ఎందుకు పూశారు? గొట్టంలో మసి మెత్తగా ఉండాలని, గుండు దిగాలని. అప్పటి బుల్లెట్టు వ్యాసం 0.568 అంగుళం, గొట్టం 0.577. ఆ ఎండల్లో మసి గట్టిపడి దట్టించడం కష్టమైంది. తర్వాత బుల్లెట్టుని 0.550కి తగ్గించారు. ఒక సామ్రాజ్యపు సైన్యం తన తూటా కొలతనే మసి కోసం మార్చుకుంది!

దీనికి ఎదురు ఉదాహరణ విట్‌వర్త్ రైఫిల్. ఆరు పలకల గొట్టం, 0.451 అంగుళం, 20 అంగుళాలకి ఒక చుట్టు. దూరంలో ఎన్‌ఫీల్డ్‌ని చిత్తుగా ఓడించింది. 1860లో వింబుల్డన్ తుపాకీ పోటీల ప్రారంభంలో విక్టోరియా రాణి 400 గజాల దూరానికి బిగించి పెట్టిన విట్‌వర్త్‌తో మొదటి గుండు కాల్చింది. కేంద్రానికి ఒకటింపావు అంగుళం దూరంలో పడింది. అయినా సైన్యం దాన్ని మామూలు సైనికుడికి ఇవ్వలేదు. ఖరీదు ఒక కారణం, మసి త్వరగా పట్టడం ఇంకో కారణం. ఈ కాలంలో మనకి సైనికుడికి లేని సౌకర్యం ఒకటుంది. ఎవరూ మన మీదికి రావట్లేదు. తుడుచుకోవడానికి టైముంది. దాన్ని సరిగ్గా వాడుకోవాలి.

గుడ్డ, గుండు, కందెన

ఇక మన తుపాకీకి వద్దాం. ఇక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది గుడ్డలో చుట్టిన గుండ్రటి గుండే కాలుస్తారు కాబట్టి దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

గొట్టం 0.50 అంగుళం అనుకోండి. గుండు 0.490. ప్యాచ్ మందం 0.015. గుండుకి రెండు వైపులా గుడ్డ ఉంటుంది కదా, మొత్తం 0.520 అయింది. గొట్టం గట్ల దగ్గర, అంటే గాళ్ళ మధ్య ఎత్తుగా ఉండే చోట, 0.500 మాత్రమే. అంటే గుడ్డ నలిగి, గట్ల దగ్గర ఒదిగి, గాళ్ళలోకి పొంగాలి. గాళ్ళ లోతు 0.010 చొప్పున ఉంటే గాడి నుంచి గాడికి 0.520, సరిగ్గా నిండింది. ఇప్పుడు ఆ గోడల మీద మసి ఒక పొర చేరిందనుకోండి, వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు. మీరు వేసుకున్న లెక్క మారిపోయింది. గుడ్డ ఇంకా నలగాలి, ఘర్షణ పెరిగింది, పీడనం పెరిగింది, వేగం మారింది. టార్గెట్ మీద అది పైకీ కిందికీ సాగిన గ్రూపుగా (గుండ్లు పడిన గుంపుగా) కనిపిస్తుంది. పక్కలకి చెదిరితే మిమ్మల్ని, గాలిని, ట్రిగ్గర్‌ని అనుమానించండి. నిలువుగా సాగితే ముందు మసిని అనుమానించండి.

చాలామంది బిగుతు చూసి భయపడి పల్చటి గుడ్డకి, చిన్న గుండుకి వెళ్ళిపోతారు. హాయిగా దిగుతుంది. కాని అలాంటి గుడ్డ మసిని తుడవదు, దాని మీంచి జారిపోతుంది. వాయువు పక్కల నుంచి తప్పించుకుని గుడ్డని కాల్చేస్తుంది. మసి ఇంకా పెరుగుతుంది. బిగుతైన జోడీ, సరైన కందెన ఉంటే ప్రతి గుండూ దిగేటప్పుడు ముందు గుండు మసిని తనతోనే కిందికి తోసుకుపోతుంది, పేలాక దాన్ని బయటికి మోసుకుపోతుంది. కాబట్టి బిగుతు మనకి శత్రువు కాదు. బొటనవేలితో, షార్ట్ స్టార్టర్‌తో (గుండుని మూతిలోకి దించే పొట్టి కడ్డీతో) దిగాల్సిన గుండుకి సుత్తి కావాల్సి వస్తే మాత్రం అది అతి.

కందెన సంగతి. ఉమ్మి నుంచి తేనెమైనం దాకా ఎన్నో వాడతారు. నీళ్ళు ఉన్న కందెన మసిని కరిగిస్తుంది, అందుకే ఉమ్మి వందల ఏళ్ళుగా పనిచేస్తోంది. టార్గెట్ దగ్గర వెంటనే కాల్చేస్తాం కాబట్టి అది బాగుంటుంది. గంటల తరబడి దట్టించి ఉంచాల్సి వస్తే పనికిరాదు. ఆ తడి మందులోకి దిగుతుంది, ఉక్కుకి తుప్పు కూడా పడుతుంది. అలాంటప్పుడు తేనెమైనం, జంతువుల కొవ్వు లేదా ఆలివ్ నూనె కలిపిన ముద్ద మేలు. యంత్రాలకి వాడే పెట్రోలియం గ్రీజు మాత్రం వద్దు. బ్లాక్ పౌడర్‌తో కలిసి కాలితే అది నల్లటి జిగురు పూత కడుతుంది. నీళ్ళతో వదలదు.

నేను ఎక్కువగా చెప్పే పద్ధతి ఒకటుంది. నీళ్ళలో కలిసే నూనె ఒక పాలు, నీళ్ళు ఏడు పాళ్ళు కలపండి. గుడ్డ పట్టీని అందులో ముంచి, పిండి, బల్లపరుపుగా పరిచి ఆరనివ్వండి. వేలాడదీయకండి, నూనె కింది అంచుకి జారిపోతుంది. నీళ్ళు ఆవిరై గుడ్డంతా ఒకే మోతాదులో నూనె మిగులుతుంది. ఇందులో గొప్పతనం నూనెది కాదు, ఆ "ఒకే మోతాదు"ది. వేలితో గ్రీజు రాసినప్పుడు ఒక గుడ్డకి ఎక్కువ, ఒక గుడ్డకి తక్కువ అవుతుంది. ఎక్కువైన గుడ్డ జారుడుగా పోతుంది, తక్కువైంది బిరుసుగా పోతుంది. రెండూ ఒకచోట పడమంటే ఎలా పడతాయి?

సరే, ఇప్పుడు ఈ ప్యాచ్‌లు అందించండి. మొదటి కవరులో ఉన్నవి చూడండి. కాల్చాక ఇవి తుపాకీకి కొన్ని గజాల ముందు నేల మీద పడి ఉంటాయి. రేంజ్ క్లియర్ అన్నాక వెళ్ళి ఏరుకోండి. చాలామంది టార్గెట్ చూడ్డానికి పరిగెత్తుతూ వీటిని తొక్కుకుంటూ పోతారు. తొక్కకండి! గొట్టం లోపల ఏం జరిగిందో చూసి వచ్చినవి ఇవే.

మొదటిది: మధ్యలో గుండు కూర్చున్న చోట గుండ్రటి మచ్చ ఉంది, గోధుమరంగుకి తిరిగింది. చిరగలేదు. దాని చుట్టూ గట్ల గుర్తులు వరసగా, సమానంగా, నాలుగు వైపులా కనిపిస్తున్నాయి. అంచు కాస్త పీచులేసింది. ఇది మంచి గుడ్డ. ఉతికి మళ్ళీ వాడొచ్చేమో అనిపించాలి. రెండోది: గట్ల గుర్తుల దగ్గరే, గుండ్రంగా కాలి చిల్లులు పడింది. వాయువు గుండు పక్కనుంచి దూరింది. మందమైన గుడ్డ కావాలి, లేదా కందెన పెంచాలి, లేదా మందు తగ్గించాలి. మందుకీ గుండుకీ మధ్య ఫెల్ట్ వాడ్ (ఉన్ని బిళ్ళ) పెట్టినా చాలాసార్లు సరిపోతుంది. మూడోది చూడండి, ఇది కాలలేదు, కోసుకుపోయింది. కత్తితో కోసినట్టు చీలిక. ఇది మూతి అంచు పదునుగా ఉండటం వల్ల గాని, కొత్త గొట్టంలో గట్ల అంచులు ఇంకా అరగకపోవడం వల్ల గాని జరుగుతుంది. ఇంకో ప్యాచ్‌తో అదే గుండుని మూతిలోకి రెండు అంగుళాలు తోసి, వెనక్కి లాగి చూడండి. అప్పుడే కోసుకుపోతే తప్పు మూతిది. కోసుకోకపోతే లోపల వెతకాలి. ఎందుకింత సేపు చెబుతున్నానంటే, గుడ్డ చిరిగిన గుండుకి మసి ఎంత తుడిచినా గురి రాదు. ముందు ఇది సరిచేసుకోండి, తర్వాతే తుడుపు గురించి ఆలోచించండి.

రెండు గుండ్ల మధ్య

తుడవాలా, వద్దా? ఎన్ని గుండ్లకి ఒకసారి? ఈ ప్రశ్న రాని సమావేశం ఉండదు. నా జవాబు: ప్రతి గుండుకీ తుడవండి, లేదా అసలు తుడవకండి. మధ్యేమార్గం పెట్టుకోకండి. "బిగుసుకున్నప్పుడు తుడుస్తాను" అనడం అన్నిటికంటే చెడ్డది. అలా చేస్తే శుభ్రమైన గొట్టంతో ఒకటి, సగం మసితో ఒకటి, నిండు మసితో ఒకటి కాల్చి, మూడింటినీ ఒకే గ్రూపు అనుకుంటున్నారన్నమాట. మీ గుడ్డ, కందెన జోడీ మసిని తనంతట తానే అదుపులో ఉంచితే, పది గుండ్లూ ఒకే బరువుతో దిగితే, తుడవనక్కర్లేదు. దిగే బరువు మారుతున్నట్టు చేతికి తెలిసిందంటే, ఆ రోజంతా ప్రతి గుండుకీ తుడవండి.

ఎలా తుడవాలి? ఈ జాగ్‌లు రెండూ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకటి లావు, ఒకటి కాస్త సన్నం. లావుది అన్నీ అయ్యాక ఇంట్లో కడిగేటప్పుడు బాగుంటుంది. రేంజ్‌లో గుండు గుండుకీ మధ్య దాన్ని వాడితే ఏమవుతుంది? దిగేటప్పుడే మసినంతా గీకి అడుక్కి తోస్తుంది. ఎక్కడికి? సరిగ్గా మందు కూర్చునే చోటికి, నిప్పు వచ్చే దారికి. తర్వాత క్యాప్ (మందుకి నిప్పు అంటించే చిన్న టోపీ) టప్పుమంటుంది, మందు అంటుకోదు. సన్నటి జాగ్ అయితే దిగేటప్పుడు గుడ్డ మసి మీంచి జారిపోతుంది. పైకి లాగేటప్పుడు అంచుల దగ్గర ముడతలు పడి లావై, మసిని పట్టుకుని బయటికి తెస్తుంది. తోసేటప్పుడు వదులు, లాగేటప్పుడు బిగుతు. అంతే తేడా, కాని పనంతా ఇందులోనే ఉంది.

గుడ్డ ఎంత తడిగా ఉండాలి? వేళ్ళ మధ్య నొక్కితే చుక్క రాలకూడదు, కాని వేలికి చల్లగా తగలాలి. ఒక్క తోపు అడుగుదాకా, ఒక్క క్షణం ఆపి, ఒకే లాగుడు. ఆ ప్యాచ్ తిరగేసి రెండోసారి. తర్వాత పొడి ప్యాచ్ ఒకటి. ఐపోయింది. పైకీ కిందికీ పదిసార్లు రుద్దొద్దు. మసిని పూర్తిగా తీయడం మన ఉద్దేశం కాదని మొదటే అనుకున్నాం. ప్రతిసారీ అంతే తీయాలి, అంతే మిగలాలి. ఒకసారి రెండు ప్యాచ్‌లు, ఒకసారి ఒకటి, ఒకసారి తొందరపడి పొడిది మానేయడం, ఇవే గ్రూపుని పాడుచేస్తాయి.

తుడిచేటప్పుడు కాలిన క్యాప్ నిప్పిల్ (క్యాప్ తొడిగే మొన) మీదే ఉంచి, హ్యామర్ (క్యాప్‌ని కొట్టే సుత్తి) దించి ఉంచితే, లోపలి గాలి నిప్పు దారిలోంచి అంత సులువుగా బయటికి పోలేదు. తడి, మసి ఆ సన్నటి దారిలోకి తక్కువ వెళతాయి. తుడవడం అయ్యాక క్యాప్ తీసేసి, హ్యామర్‌ని హాఫ్ కాక్‌లో (సగం ఎత్తి) పెట్టి, అప్పుడు మందు పోయండి. చెకుముకి రాయి తుపాకీ వాళ్ళకి ఇంకాస్త పని ఉంటుంది. ప్యాన్ (నిప్పు అంటించే మందు పోసే గిన్నె), రాయి అంచు, ఫ్రిజన్ (రాయి కొట్టుకునే ఉక్కు పలక) ప్రతి గుండుకీ పొడి గుడ్డతో తుడవాలి. నిప్పు రంధ్రంలో సన్నటి సూది పెట్టి తీయాలి. ప్యాన్‌లో మసి చెమర్చి జావ అయితే ఎంత మంచి రాయైనా దాన్ని అంటించలేదు.

ఇక దట్టించే బరువు. మందు పోశాక గొట్టం పక్కన ప్రతిసారీ అన్నే తట్లు తట్టండి. గుండు మందుని తాకాక ప్రతిసారీ అంతే బరువుతో నొక్కండి. బ్లాక్ పౌడర్ ఎంత నొక్కుకుందో దాన్ని బట్టి కాలే తీరు మారుతుంది. రామ్‌రాడ్‌ని పైనుంచి గుండు మీద టకటకా ఎగరేసి కొట్టేవాళ్ళున్నారు. మెత్తటి సీసం ముఖం చదునైపోతుంది. ఒకే నొక్కు చాలు.

రామ్‌రాడ్ మీద గుర్తు పెట్టుకోండి. ఖాళీ గొట్టంలో పెట్టి మూతి దగ్గర ఒక గీత. మీ మామూలు మందు, గుండు దట్టించి మూతి దగ్గర ఇంకో గీత. ఈ రెండో గీత మూతికంటే పైన కనిపించిందంటే గుండు మందు మీద కూర్చోలేదని. ఇది గురి విషయం కాదండీ, ప్రాణం విషయం. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంచి పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. మసి వల్ల గుండు సగంలో బిగుసుకుంటే పేల్చి వదిలించుకుందామని ఎప్పుడూ అనుకోకండి. గుండు లాగే స్క్రూతో గాని, కార్బన్ డయాక్సైడ్ డిస్చార్జర్‌తో (వాయువుతో గుండుని బయటికి తోసే సాధనంతో) గాని బయటికి తీయండి. కొయ్య రామ్‌రాడ్‌తో బలవంతంగా తోసేటప్పుడు అది మధ్యలో విరిగి అరచేతిలోంచి దూసుకుపోయిన ప్రమాదాలున్నాయి. మూతికి జానెడు పైనే పట్టుకోండి, కొంచెం కొంచెంగా తోయండి. చేతికి ఇంత గట్టిగా అనిపించిందంటే తుడుపు ముందే చేయాల్సింది.

భద్రత మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. పేలిన వెంటనే మందు పోయకండి, లోపల నిప్పురవ్వ మిగిలి ఉండొచ్చు. మందు కొమ్ములోంచి, ఫ్లాస్కులోంచి నేరుగా గొట్టంలోకి పోయడం ఎన్నడూ వద్దు. కొలత గిన్నెలో పోసి, అందులోంచి గొట్టంలోకి. మొహం ఎప్పుడూ మూతికి అడ్డంగా ఉండకూడదు. క్యాప్ పేలి మందు అంటుకోకపోతే, కనీసం ఒక నిమిషం మూతి టార్గెట్ వైపే ఉంచి ఆగండి. స్మోక్‌లెస్ పౌడర్‌ని బ్లాక్ పౌడర్ తుపాకీలో చిటికెడు కూడా పోయకండి.

మొదటి గుండు సంగతి అడిగారు ఇందాక ఎవరో. అవును, నూనె రాసి దాచిన గొట్టంలోంచి మొదటి గుండు వేరే చోట పడుతుంది. నూనె గొట్టం వేరు, మసి గొట్టం వేరు. ముందు నూనెని ఆల్కహాల్ ప్యాచ్‌తో పూర్తిగా తుడవండి. తర్వాత మూతి టార్గెట్ వైపు, నేలకి దగ్గరగా పెట్టి మందు, గుండు లేకుండా ఒకటి రెండు క్యాప్‌లు పేల్చండి. మూతి ముందు గడ్డిపోచ కదిలిందా, నిప్పు దారి తెరిచి ఉందన్నమాట. ఆ తర్వాత ఒక గుండు మట్టికట్టలోకి కాల్చి, తుడిచి, అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టండి. వేటకి వెళ్ళేవాళ్ళకి ఈ అవకాశం ఉండదు, వాళ్ళకి మొదటి గుండే అసలు గుండు. వాళ్ళు నూనె తుడిచిన పొడి గొట్టంతో మొదటి గుండు ఎక్కడ పడుతుందో వేర్వేరు రోజుల్లో కాల్చి, సైట్లు దానికే సరిచేసుకోవాలి.

పోటీలకి వెళ్ళేవాళ్ళు టైము కూడా చూసుకోవాలి. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ మజిల్‌లోడర్ సమాఖ్య ఎంఎల్ఏఐసీ పోటీల్లో 30 నిమిషాల్లో 13 గుండ్లు, వాటిలో మంచివి 10 లెక్క. గుండుకి రెండు నిమిషాల పైచిలుకు. తుడవడం, దట్టించడం, ఊపిరి పట్టడం, కాల్చడం, అన్నీ అందులోనే. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని మీ తుడుపు వరస చేసి చూడండి. టైము చాలక టెన్షన్‌లో పదో గుండు దగ్గర పొడి ప్యాచ్ మానేశారంటే, మీ వరస ముందునుంచీ పొడుగైపోయిందని అర్థం. తగ్గించి, ఆ తగ్గించినదాన్నే పదమూడుసార్లూ చేయండి.

మినీయే బుల్లెట్టు కాల్చేవాళ్ళకి రెండే మాటలు. గొట్టం కంటే 0.001, 0.002 అంగుళం మాత్రమే సన్నంగా సైజు చేసుకోండి. కందెన మెత్తగా, పుష్కలంగా ఉంటే ఒక్కో బుల్లెట్టే ముందరి మసిని ఊడ్చుకుపోతుంది. మూతి దగ్గర కందెన తడి చుక్కలా మెరుస్తోందా చూడండి. ఎండిపోయి ఉంటే గొట్టం చివరి భాగంలో కందెన అందలేదు.

ప్రత్యామ్నాయ పౌడర్ల గురించి. పైరోడెక్స్ వాడినా కడగడం తప్పదు, దాని అవశేషంలో ఉండే క్లోరైడు తుప్పు పట్టిస్తుంది. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, వాసన తక్కువ, నీళ్ళతో పోతుంది. అది శక్తి ఎక్కువ కాబట్టి బ్లాక్ పౌడర్ కొలతకంటే 15 శాతం తగ్గించి పోయాలి. 209 ప్రైమర్‌తో (క్యాప్‌కి బదులు నిప్పు అంటించేది) కాలిస్తే బుల్లెట్టు కూర్చునే చోటికి కాస్త పైన గట్టి వలయం కడుతుంది. తర్వాతి బుల్లెట్టు అక్కడ ఆగి, మందు మీద కూర్చుందని మనల్ని మోసం చేస్తుంది. రామ్‌రాడ్ గీత అప్పుడు ప్రాణం కాపాడుతుంది. అలాంటి తుపాకీకి ప్రతి గుండుకీ తుడుపు తప్పనిసరి. బ్లాక్‌హార్న్ 209 నైట్రోసెల్యులోజ్ రకం. మసి చాలా తక్కువ, కాని నీళ్ళతో పోదు, దానికి తగిన సాల్వెంట్ వాడాలి. దేన్ని వాడినా కొలత బరువుతో కాదు, బ్లాక్ పౌడర్ కొలత గిన్నెతో, తయారీదారు చెప్పినంత, తయారీదారు ఆ పౌడర్‌కి పనికొస్తుందన్న తుపాకీలోనే.

చివరగా కడగడం. అదే రోజు కడగాలి, రేపు అనుకోకండి. ఆ లవణాలు రాత్రంతా తేమ లాక్కుంటూ ఉక్కుని తింటాయి. నీళ్ళే అసలైన ఔషధం, కాస్త సబ్బు చాలు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే భయపడకండి, సల్ఫైడ్ నీళ్ళతో కలిసినప్పుడు వచ్చే వాసన అది. గొట్టం విడదీయగలిగిన తుపాకీ అయితే నిప్పిల్ తీసి, అడుగు భాగం బకెట్లో ముంచి, ప్యాచ్‌తో పంపులా నీళ్ళు పైకి లాగి వదలండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా. మరుగుతున్న నీళ్ళైతే ఉక్కు వేడెక్కి త్వరగా ఆరుతుంది, కాని చూస్తుండగానే ఎర్రటి పల్చటి తుప్పు లేచే గొట్టాలున్నాయి. అలాంటి గొట్టానికి గోరువెచ్చటి నీళ్ళే వాడండి. పొడి ప్యాచ్‌లు తడి లేకుండా వచ్చేదాకా తుడిచి నూనె రాయండి. మూతి కిందికి వచ్చేలా నిలబెట్టండి, మిగులు నూనె నిప్పు దారిలోకి దిగకుండా. మర్నాడు నూనె ప్యాచ్ ఒకటి పంపండి. తెల్లగా వస్తే సరే. గోధుమరంగు తగిలితే మళ్ళీ నీళ్ళతో మొదలుపెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ ప్యాచ్‌ల కవరు ఇంకా రెండో వరసలోనే ఉంది, వెనక్కి పంపండి.